మోకాలి కింద ఎముక బయటపడిన గాయం: చర్మం అతికితే చాలదా, ఫ్లాపు తప్పదా?

ఘట్‌కేసర్ అన్న · సోమవారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మా తమ్ముడికి 26 ఏళ్లు. గత బుధవారం రాత్రి డ్యూటీ ముగించుకొని ఉప్పల్ మీదుగా ఇంటికి వస్తుండగా వరంగల్ రహదారి మీద వెనుక నుంచి లారీ తగిలి బండితో సహా పడిపోయాడు. ఎడమ కాలికి మోకాలి కింద రెండు ఎముకలూ విరిగాయి. చీలమండకు నాలుగు వేళ్ల పైన, లోపలివైపు, అరచేయంత మేర చర్మం పూర్తిగా పోయింది. మొదట చేర్చిన ఆసుపత్రిలో గాయం కడిగి, కాలికి బయటి నుంచి కడ్డీలు బిగించి, రోజు విడిచి రోజు కట్టు మారుస్తూ, కండ పెరిగాక చూద్దామని చెప్పారు. నేను కట్టు మార్చేటప్పుడు పక్కనే ఉన్నాను. మొదటి రోజు తడిగా, మీగడ రంగులో మెరుస్తూ కనిపించిన ఎముక నిన్నటికి ఎండిన వెదురులా పసుపు తేలి మసకబారింది. అది చూశాక నాకు ధైర్యం చాలక ఈ రోజు మరొక ఆసుపత్రికి మార్చాము.

ఇక్కడి ప్లాస్టిక్ సర్జన్ గారు చూసి, తొడ నుంచి చర్మాన్నీ దాని కింది కొవ్వునూ రక్తనాళంతో సహా తీసి గాయం మీద అమర్చాలనీ, దానిని ఫ్రీ ఫ్లాపు అంటారనీ, ఎనిమిది గంటల వరకు పట్టవచ్చనీ, ఇప్పటికే ఆలస్యమైంది కనుక ఎల్లుండే చేస్తామనీ చెప్పారు. మా మేనమామ మాత్రం, కాలిన గాయాలకు తొడ మీది చర్మం పలచగా గీసి అతికిస్తారు కదా, దానికి ఇంత పెద్ద ఆపరేషన్ ఎందుకని అడుగుతున్నారు. బాగున్న తొడను కూడా కోయిస్తామా అన్నది నాన్నగారి బాధ. కాగితం మీద సంతకం నాది. తెలిసినవారు ఎవరైనా వివరంగా చెప్పగలరా?

విశ్రాంత వైద్యుడు, సికింద్రాబాద్ · సోమవారం రాత్రి 11:05

నేను ప్రభుత్వ బోధనాసుపత్రిలో ప్లాస్టిక్ సర్జరీ విభాగంలో పనిచేసి పదవీ విరమణ చేశాను. మీ తమ్ముడి కాలును నేను చూడలేదు కనుక చూసిన సర్జన్ గారి మాటే మీకు ప్రమాణం కావాలి. అయితే మీరు అర్థం చేసుకొని సంతకం పెట్టడం అందరికీ మేలు కనుక కొంచెం పొడవుగానే రాస్తాను.

మీ ముంగాలి మీద, లోపలివైపు, చేత్తో ఒకసారి తడిమి చూసుకోండి. మోకాలి నుంచి చీలమండ వరకు ఎముకకూ చర్మానికీ మధ్య కండ అన్నదే తగలదు. కండలన్నీ బయటివైపూ వెనుక పిక్కలోనూ ఉన్నాయి. అవి కూడా కిందికి దిగేకొద్దీ సన్నబడి చీలమండ దగ్గరకు వచ్చేసరికి తాళ్లలాంటి స్నాయువులుగా మిగులుతాయి. తొడ ఎముక విరిగినప్పుడు చుట్టూ ఉన్న కండ దానిని చాలాసార్లు లోపలే దాచుకుంటుంది. ముంగాలి ఎముకకు ఆ అదృష్టం లేదు. అది విరిగితే సులభంగా చర్మాన్ని చీల్చుకొని బయటపడుతుంది, అందువల్లనే ద్విచక్ర వాహన ప్రమాదాలలో మేము తరచుగా చూసే ఘోరమైన గాయం ఇదే.

ఇక మీ మేనమామగారి ప్రశ్న. పలచగా గీసి అతికే చర్మాన్ని గ్రాఫ్టు అంటారు. దానికి సొంత రక్తప్రసరణ ఉండదు. మడిలో నాటిన నారు లాంటిది అది. మొదటి రెండు రోజులు కింది నేల తడిని పీల్చుకొని బతుకుతుంది, నాలుగైదు రోజులకు వేరు పట్టినట్లుగా కింది నుంచి సన్నని నాళాలు దానిలోకి పెరుగుతాయి. కింద కండ ఉన్నా, ఎముక మీద ఉండే పలచని పొర మిగిలి ఉన్నా ఆ నారు నిలుస్తుంది. పొర ఊడిపోయిన ఎముక, తొడుగు పోయిన స్నాయువు, సర్జన్ బిగించిన లోహపు ప్లేటు, ఈ మూడూ నారుకు బండరాయితో సమానం. రాతి మీద నాటిన నారు మూడో రోజుకే ఎండిపోతుంది. ఫ్లాపు అంటే నారు కాదు, కాలువతో సహా తరలించిన మడి. దాని నీరు దానికే ఉంటుంది కనుక రాతి మీద పరిచినా బతుకుతుంది, పైగా ఆ నీటితో కింద ఉన్న రాతికీ ప్రాణం పోస్తుంది. విరిగిన ఎముక అతుక్కోవడానికీ, ఇన్ఫెక్షన్ వచ్చిన చోటికి యాంటీబయాటిక్ మందు చేరడానికీ ఆ రక్తమే దారి.

కండ పెరిగాక చూద్దామన్న మాటలో పూర్తిగా తప్పు లేదు. రూపాయి బిళ్లంత ఎముక బయటపడితే, చుట్టూ ఆరోగ్యమైన కండ ఉంటే, అలా నిదానంగా కప్పుకొన్న గాయాలను నేను చూశాను. అరచేయంత గాయంలో, అదీ కింది మూడో భాగంలో, ఎముక విరిగి ఉన్నప్పుడు అలా ఎదురుచూస్తే మీరు చూసిన ఆ పసుపు రంగే మొదటి హెచ్చరిక. ఎండిన ఎముక పైపొర చచ్చిపోతుంది, చచ్చిన ఎముకలో క్రిములు గూడు కట్టుకుంటాయి.

దీని మీద మా వృత్తిలో అందరూ చదివే పరిశీలన ఒకటి ఉంది. స్లొవేనియాకు చెందిన మార్కో గోదినా అనే సర్జన్ 532 మంది రోగుల వివరాలను 1986లో ప్రచురించారు. గాయమైన 72 గంటల లోపు ఫ్రీ ఫ్లాపు చేసినవారిలో అది విఫలమైనది 0.75 శాతం, 72 గంటలు దాటి మూడు నెలల లోపు చేసినవారిలో 12 శాతం. ఇన్ఫెక్షన్ కూడా మొదటివారిలో 1.5 శాతమైతే రెండోవారిలో 17.5 శాతం. గాయం నుంచి గాలిని లాగే నెగటివ్ ప్రెషర్ కట్లు వచ్చాక ఆ గడువు విషయంలో కొంత వెసులుబాటు దొరికిన మాట నిజమే అయినా, ఆ యంత్రం గాయాన్ని శుభ్రంగా ఉంచుతుందే తప్ప ఎముకను కప్పదు. బ్రిటన్ మార్గదర్శకాలు నేటికీ 72 గంటలనే లక్ష్యంగా చెబుతున్నాయి. మీకు ఎల్లుండికి ఏడో రోజు అవుతుంది. చేయి దాటిపోలేదు, కానీ ఇంకొక వారం ఆగమని మాత్రం నేను చెప్పను.

మీ కేస్ షీటులో గస్టిలో 3బి అని రాసి ఉండవచ్చు. గస్టిలో, ఆండర్సన్ అనే వైద్యులు 1976లో చేసిన వర్గీకరణలో మూడో తరగతిని 1984లో ఏ, బి, సి అని విడదీశారు. బి అంటే చర్మమూ పొరా పోయి ఎముక బయటపడి, ఫ్లాపు లేకుండా మూయలేని గాయం. సి అంటే కాలిని బతికించడానికి తెగిన ధమనిని కూడా కలపవలసిన గాయం.

ఘట్‌కేసర్ అన్న · సోమవారం రాత్రి 11:50

డాక్టర్ గారూ, మడి, నారు పోలికను నాన్నగారికి చదివి వినిపించాను. ఆయన వరి పండించినవారు, వెంటనే అర్థమైందన్నారు. షీటులో 3బి అనే ఉంది. ఒక సందేహం మిగిలింది. పక్కనే పిక్కలో అంత కండ ఉండగా తొడ దాకా ఎందుకు వెళ్లాలి? మా పక్క బెడ్డు ఆయనకు పిక్క కండనే తిప్పి వేశారట.

విశ్రాంత వైద్యుడు, సికింద్రాబాద్ · మంగళవారం ఉదయం 6:20

మంచి ప్రశ్న. పక్క బెడ్డు ఆయన గాయం బహుశా మోకాలికి దగ్గరగా ఉండి ఉంటుంది. మేము ముంగాలిని మూడు భాగాలుగా చూస్తాము. పై భాగానికి పిక్కలోని గాస్ట్రోక్నీమియస్ కండలో లోపలి సగం సరిపోతుంది, ఎందుకంటే దానికి రక్తమిచ్చే నాళం మోకాలి వెనుక నుంచి వస్తుంది కనుక కింది కొసను విడిపించి పైకి తిప్పుకోవచ్చు. మధ్య భాగానికి దాని కింద ఉండే సోలియస్ కండను వాడతాము. కింది భాగానికి చేరేసరికి తిప్పడానికి కండే లేదు. ఆ చిక్కు వల్లనే కింది మూడో భాగమూ పాదమూ మా వృత్తిలో పరీక్ష లాంటివి.

పాతకాలంలో దానికి ఒక కాలి చర్మాన్ని మరో కాలి గాయం మీద కుట్టి, రెండు కాళ్లనూ మూడు వారాలు కలిపి కట్టి ఉంచి, తరువాత విడదీసేవారు. క్రాస్ లెగ్ ఫ్లాపు అనే ఆ పద్ధతికి నేటికీ అక్కడక్కడ అవసరం పడుతుంది. 1981లో స్వీడన్ సర్జన్ పొంటెన్, చర్మాన్ని దాని కింది గట్టి పొరతో సహా ఎత్తితే కాలి మీద ఫ్లాపు మరింత పొడవుగా బతుకుతుందని చూపించారు. 1992లో ఫ్రాన్స్‌కు చెందిన మస్కెలే, చర్మ నాడుల వెంట నడిచే సన్నని నాళాల మీద ఆధారపడిన ఫ్లాపులను వివరించారు. వాటిలో రివర్స్ సూరల్ ఫ్లాపు మైక్రోస్కోపు లేని ఆసుపత్రులకు గొప్ప ఆసరా అయింది. పిక్క వెనుక చర్మాన్ని ఎత్తి కిందికి తిప్పి మడమనో చీలమండనో కప్పుతారు. అయితే దాని ప్రాణమంతా బయటి చీలమండకు సుమారు 5 సెంటీమీటర్ల పైన ఉండే చిన్న నాళాల మీద ఉంటుంది. మీ తమ్ముడికి విరిగిన చోటు సరిగ్గా ఆ ఎత్తులోనే ఉంది కనుక ఆ నాళాలు నలిగి ఉండవచ్చునని మీ సర్జన్ అనుమానించి ఉంటారు. గాయపడిన ప్రాంతంలోని నాళాన్ని నమ్ముకోవడం కన్నా దెబ్బ తగలని తొడ నుంచి కొత్త మడిని తెచ్చి, గాయానికి పైన ఆరోగ్యంగా ఉన్న ధమనికి కలపడం క్షేమమన్నది ఆయన ఆలోచన కావచ్చు.

తొడ గురించి నాన్నగారికి చెప్పండి. తొడ బయటివైపు నుంచి తీసే ఈ ఫ్లాపులో సాధారణంగా కండను వదిలేస్తారు. వెడల్పు 8 సెంటీమీటర్ల వరకు ఉంటే చాలామందిలో అక్కడి అంచులను దగ్గరకు లాగి కుట్టేస్తారు, పొడవాటి మచ్చ మిగులుతుంది. నడకకు సాధారణంగా లోటు రాదు. కలిపే నాళాలు రెండు మూడు మిల్లీమీటర్ల మందం. మైక్రోస్కోపు కింద, తల వెంట్రుక కన్నా సన్నని దారంతో కుడతారు. ఎనిమిది గంటలు ఎందుకంటే ఇందుకే.

పాతబస్తీ వ్యాపారి · మంగళవారం ఉదయం 8:15

అందరూ పెద్ద చదువులు చదివినవారు, నేను వారి మాట కాదనను. అయినా ఒక మాట చెప్పాలనిపించింది. మా చార్మినార్ వైపు పహిల్వాన్ల దగ్గర కట్టు కట్టించుకొని నడిచినవారు మా ఇంట్లోనే ముగ్గురు ఉన్నారు. పుత్తూరు కట్టు గురించి అందరికీ తెలుసు. ఎనిమిది గంటల మత్తు ఇచ్చే ముందు ఒకసారి అక్కడ కూడా చూపించడంలో నష్టమేముంది?

నల్లగొండ మేనల్లుడు · మంగళవారం ఉదయం 9:30

అన్నా, మీరు మంచి మనసుతోనే చెప్పారు. మీ ఇంటి ముగ్గురికీ చర్మం చిట్లకుండా లోపల ఎముక విరిగి ఉంటుందని నా నమ్మకం. చర్మం చిట్లిన విరుపు వేరే జాతి. దీనిని మా మేనత్త భర్త విషయంలో మా కుటుంబం కష్టపడి నేర్చుకుంది కనుక రాస్తున్నాను.

ఆయనకు ట్రాక్టరు తొట్టి అంచు తగిలి ముంగాలి ఎముక బయటికి వచ్చింది. ఊరి పెద్దలు ఆకు పసరు వేయించి వెదురు బద్దలతో కట్టు కట్టించారు. పదకొండో రోజున కట్టు విప్పితే గదిలో ఎవ్వరూ నిలబడలేకపోయారు. ఎముక బొగ్గు రంగుకు తిరిగింది, అంచుల్లో ఆకు ముక్కలు చీముతో కలిసి ఉన్నాయి. హైదరాబాదుకు తీసుకొచ్చాక చచ్చిన ఎముకను 7 సెంటీమీటర్ల మేర తీసేయవలసి వచ్చింది. ఆ ఖాళీని నింపడానికి ఇలిజరోవ్ చట్రం బిగించి, పైన ఎముకను కోసి, రోజుకు ఒక మిల్లీమీటరు చొప్పున కిందికి జరిపారు. రోజుకు నాలుగుసార్లు మా అత్తే స్పానరుతో నట్టు తిప్పేది, ఒక్కొక్కసారి పావు మిల్లీమీటరు. జరపడానికే రెండున్నర నెలలు పట్టింది, అది గట్టిపడేదాకా చట్రం ఏడాది పైన కాలికి ఉంది. మొదటి వారంలో ఫ్లాపు పడి ఉంటే ఆ ఎముకలో చాలా భాగం మిగిలేదని తరువాత డాక్టరు చెప్పారు. ఆ మాట మా అత్తకు నేటికీ చెప్పలేదు.

పాతబస్తీ వ్యాపారి · మంగళవారం ఉదయం 9:52

మీరు చెప్పింది నిజమే, మా వాళ్లెవరికీ చర్మం తెగలేదు. ఆ తేడా నాకు తెలియదు. నా సలహాను వెనక్కి తీసుకుంటున్నాను. ఆ అబ్బాయి కోసం దువా చేస్తాను.

రాత్రి డ్యూటీ సిస్టర్ · మంగళవారం మధ్యాహ్నం 2:10

ఘట్‌కేసర్ అన్నగారూ, ఆపరేషన్ గురించి డాక్టరుగారు చెప్పారు. ఆ తరువాతి మూడు రాత్రుల గురించి నేను చెబుతాను, ఎందుకంటే ఆ ఎనిమిది గంటల శ్రమా నిలిచేదీ పోయేదీ ఆ రాత్రుల్లోనే తేలుతుంది.

మొదటి రోజు గంట గంటకూ ఫ్లాపును చూస్తాము. రంగు చూస్తాము, చేతి వెనుక భాగంతో వేడి చూస్తాము, వేలితో మెల్లగా నొక్కి వదిలితే తెల్లబడిన చోటు ఎంతసేపటికి తిరిగి ఎరుపెక్కుతుందో లెక్కపెడతాము. సుమారు రెండు క్షణాలు పడితే అది సంతోషం. చేతిలో పట్టే డాప్లర్ పెడితే నాళం శబ్దం గాలి వీచినట్లు వినిపిస్తుంది. సందేహం వస్తే సన్నని సూదితో పొడిచి చూస్తాము. నిదానంగా ఎర్రటి చుక్క తేలితే అంతా క్షేమం. పాలిపోయి, చల్లబడి, చుక్క కూడా రాకపోతే ధమనిలో అడ్డు పడినట్లు. ముదురు నీలంగా ఉబ్బి, నొక్కగానే తక్షణం నిండి, నల్లటి రక్తం గబగబా వస్తే సిరలో అడ్డు పడినట్లు. రెండోదే మేము ఎక్కువగా చూస్తాము.

ఒక రాత్రి రెండు గంటలకు ఒక విద్యార్థి ఫ్లాపు అంచు వంకాయ రంగుకు తిరగడం చూశాను. ఒంటిగంటకు చూసినప్పుడు అది గులాబీ రంగులోనే ఉంది. నేను ఫోన్ చేసిన అరగంటకు సర్జన్ గారు వచ్చారు, ముందు కట్టు వదులు చేసి, బిగుతుగా ఉన్న రెండు కుట్లు తీసి చూసి, మార్పు రాకపోవడంతో మూడున్నరకు మళ్లీ థియేటర్‌కు తీసుకెళ్లారు. సిరలో గోధుమ గింజంత గడ్డ ఉంది. దానిని తీసి మళ్లీ కలిపారు. ఫ్లాపు బతికింది. అదే ఉదయం రౌండ్ల దాకా ఆగి ఉంటే ఆ మాట రాసేదానిని కాదు.

మీరు చేయవలసినవి కొన్ని ఉన్నాయి. గది చల్లగా ఉండకూడదు, ఏసీ ఇంకా చల్లగా పెట్టమని బంధువులు అడిగినా వినవద్దు. కాలు దిండు మీద ఎత్తుగానే ఉండాలి. మీ తమ్ముడికి సిగరెట్ అలవాటుంటే ఈ రోజు నుంచే మానాలి, నికోటిన్ ఆ సన్నని నాళాలను బిగించేస్తుంది. పరామర్శకు వచ్చినవారు మంచం అంచు మీద కూర్చోకుండా, కాలు ముట్టుకోకుండా చూడండి. రంగు మారిందని మీకు అనిపిస్తే, ఎంత రాత్రైనా, ఎన్నిసార్లైనా, సిస్టర్‌ను పిలవండి. విసుక్కుంటారేమోనని సంకోచించవద్దు.

మెహదీపట్నం ఆరోగ్యమిత్ర · మంగళవారం సాయంత్రం 4:45

ఖర్చు గురించి మీరు అడగలేదు కానీ చెప్పడం నా పని. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయలకు పెంచారు. ఆ ఆసుపత్రి పథకంలో ఉన్నదో లేదో, మీ చికిత్స ఏ ప్యాకేజీ కిందికి వస్తుందో అక్కడి ఆరోగ్యశ్రీ కౌంటరులో ఆపరేషన్‌కు ముందే అడగండి. ఆహార భద్రత కార్డు, ఆధార్, ప్రమాదం కనుక పోలీసు కాగితం నకళ్లు దగ్గర ఉంచుకోండి. ముందస్తు అనుమతికి గాయం ఫొటోలు, ఎక్స్‌రేలు పంపుతారు. ఆపరేషన్ ముగిశాక వచ్చి అడిగితే మేము చేయగలిగింది తక్కువ.

కూకట్‌పల్లి కోడలు · మంగళవారం రాత్రి 8:30

ఈ చర్చ చదువుతున్నాను, మధ్యలో అడుగుతున్నందుకు మన్నించండి. మా అత్తగారికి 61 ఏళ్లు, ఇరవై ఏళ్లుగా షుగరు. మడమ కింద పుండు నాలుగు నెలలుగా మానడం లేదు. ఆమెకు నొప్పి తెలియదు, పూజగదిలోకి వెళ్తుంటే నేల మీద తడి మరకలు చూసి నేనే కనిపెట్టాను. ఆమెకు కూడా ఫ్లాపు వేస్తే మానుతుందా?

విశ్రాంత వైద్యుడు, సికింద్రాబాద్ · మంగళవారం రాత్రి 10:15

అమ్మా, మీరు ఆ మరకలు గమనించడం వల్లనే ఆమె పాదానికి ఇంకా అవకాశం ఉంది. కానీ ఆమె గాయమూ ఈ అబ్బాయి గాయమూ ఒకటి కావు. అతనిది ఆరోగ్యమైన కాలికి బయటి నుంచి తగిలిన దెబ్బ. ఆమెది లోపలి నుంచి వచ్చిన జబ్బు. స్పర్శ పోయింది కనుక రాయి గుచ్చుకున్నా తెలియదు. నాళాలు పూడుకుపోయి ఉంటే గాయానికి రక్తం చాలదు. షుగరు అదుపులో లేకపోతే క్రిములకు పండుగ. ఈ మూడూ చూడకుండా ఫ్లాపు వేయడం నీరు రాని కాలువ పక్కన మడి కట్టడమే.

కనుక వరుస ఇలా ఉంటుంది. పాదంలో నాడి అందుతున్నదా అని చూసి, చీలమండ దగ్గరి రక్తపోటును చేతి రక్తపోటుతో పోలుస్తారు. షుగరు రోగుల్లో నాళాలు గట్టిపడి ఆ లెక్క తప్పుదోవ పట్టించవచ్చు కనుక అవసరమైతే డాప్లర్, సీటీ యాంజియోగ్రాం చేస్తారు. నాళం పూడుకుపోయి ఉంటే ముందు దానిని బెలూనుతోనో బైపాస్‌తోనో తెరవాలి. పుండు అడుగున ఎముకకు ఇన్ఫెక్షన్ పాకిందేమో ఎమ్మారైలో చూడాలి. ఈలోపు ఆ మడమ మీద బరువు పడకూడదు. ఇది అన్నిటికన్నా కష్టమైన మందు, ఎందుకంటే నొప్పి లేని మనిషిని నడవవద్దని ఒప్పించడం ఇంటివారి చేతిలోనే ఉంటుంది. ఇవన్నీ చక్కబడితే చాలా పుండ్లు ఫ్లాపు లేకుండానే మూసుకుంటాయి.

అప్పటికీ మానకపోతే మడమకు ఒక ప్రత్యేకమైన ఫ్లాపు ఉంది. అరికాలి మధ్యలో నేలకు తగలని వంపు భాగం ఉంటుంది చూడండి, అక్కడి చర్మాన్ని దాని ధమనితో, వీలైతే స్పర్శనిచ్చే నాడితో సహా మడమ మీదికి తిప్పుతారు. అరికాలి చర్మం వంటిది ఒంట్లో మరెక్కడా దొరకదు. మడమ కింది కొవ్వు చిన్న చిన్న గదులుగా గట్టి పోగులతో ఎముకకు కట్టి ఉంటుంది, అందువల్ల నడిచేటప్పుడు చర్మం జారదు. తొడ చర్మం తెచ్చి మడమకు వేస్తే అది నిలుస్తుంది కానీ అడుగు వేసినప్పుడు లోపల జారుతూ ఉంటుంది.

మీకు దగ్గరలోనే ఒక పాఠం ఉంది. కుష్ఠు రోగుల కోసం మొదలైన మీ కూకట్‌పల్లి శివానంద పునరావాస కేంద్రం 1958 నుంచి ఉంది. స్పర్శ పోయిన పాదాన్ని ఎలా కాపాడుకోవాలన్నది మన దేశ వైద్యులు మొదట కుష్ఠు రోగుల దగ్గర నేర్చుకున్నారు, అందుకోసం వాడుకలోకి వచ్చిన ఎంసీఆర్ (మైక్రోసెల్యులార్ రబ్బరు అనే మెత్తటి రబ్బరు) చెప్పులనే ఇప్పుడు షుగరు రోగులకు రాస్తున్నాము. మెత్తటి అడుగు, వెనుక పట్టీ, లోపల మేకు లేని చెప్పు. పుండు మానిన తరువాత ఆమె ఇంట్లో కూడా అవే వేసుకోవాలి.

కూకట్‌పల్లి కోడలు · మంగళవారం రాత్రి 10:40

పూజగదిలో చెప్పులు వేసుకోవడానికి ఆమె ఒప్పుకోరు. ఆ గది కోసమే విడిగా ఒక కొత్త జత కొని, బయట వాడనివి అని చెప్పి చూస్తాను. నాళాల పరీక్షకు రేపే అపాయింట్‌మెంట్ తీసుకుంటాను. ధన్యవాదాలు డాక్టర్ గారూ.

ఘట్‌కేసర్ అన్న · గురువారం తెల్లవారుజామున 4:30

ఆపరేషన్ నిన్న ఉదయం తొమ్మిదికి మొదలై సాయంత్రం ఆరున్నరకు ముగిసింది. చచ్చిన ఎముక పైపొరను ఎర్రటి చుక్కలు కనిపించేదాకా చెక్కారట. ఇప్పుడు కడ్డీల మధ్య, కాలి మీద, మా తమ్ముడి తొడ చర్మమే వెంట్రుకలతో సహా ఉంది. నేను గంట గంటకూ సిస్టర్ వెనుక నిలబడి లెక్కపెడుతున్నాను. ప్రతిసారీ రెండు క్షణాలే. నాన్నగారు ఒకసారి వచ్చి చూసి, మడి తడిగానే ఉందిరా అని చెప్పి వెళ్లారు.

వనస్థలిపురం టీచర్ · గురువారం ఉదయం 7:00

సంతోషం. నాకు ఆరేళ్ల క్రితం మడమ వెనుక గాయానికి రివర్స్ సూరల్ ఫ్లాపు వేశారు. కొసన రెండు సెంటీమీటర్లు నల్లబడింది, దానిని తీసి గ్రాఫ్టు వేసి సరిచేశారు. కనుక అంచు కొంచెం నల్లబడగానే అంతా పోయిందని భయపడకండి, సర్జన్ గారికి చూపించండి. పాదం బయటి అంచున నాకు ఇప్పటికీ స్పర్శ లేదు. నేను రోజూ ఐదు పీరియడ్లు నిలబడి పాఠం చెబుతున్నాను.

ఫిజియో, దిల్‌సుఖ్‌నగర్ · గురువారం ఉదయం 10:20

అందరూ ఫ్లాపు వైపే చూస్తారు, పాదం వేళ్లు కిందికి వాలిపోతున్న సంగతి ఎవరూ చూడరు. చీలమండను 90 డిగ్రీల కోణంలో నిలిపే చెక్క, అంటే స్ప్లింటు, మొదటి రోజు నుంచే ఉండాలి. లేకపోతే మూడు నెలల తరువాత ఎముక అతికినా మడమ నేలకు ఆనదు. వేళ్లను ఈ రోజు నుంచే కదిలించమనండి.

సర్జన్ గారు అనుమతించాక, సాధారణంగా మొదటి వారం చివర, కాలును మంచం కిందికి వేలాడదీయడం మొదలుపెడతారు. మొదట కొద్ది నిమిషాలు, రోజుకు రెండు మూడుసార్లు. ఫ్లాపు ఊదా రంగుకు తిరుగుతుంది, ఎత్తగానే మామూలు రంగుకు రావాలి. కొత్త నాళాలకు నిలబడడం నేర్పించడమే ఇది. రంగు తిరిగి రావడానికి ఆలస్యమైతే ఆ రోజుకు ఆపాలి.

ఇంటికి వెళ్లాక ఒక్క విషయం బాగా గుర్తుంచుకోండి. ఆ చర్మానికి స్పర్శ ఉండదు లేదా చాలా తక్కువగా ఉంటుంది. వేడినీళ్ల బకెట్, ఎండలో కాలిన గచ్చు, అన్నిటికన్నా బండి సైలెన్సరు, ఇవి కాల్చినా అతనికి తెలియదు. నా దగ్గరకు వచ్చిన ఒక అబ్బాయి ఫ్లాపు వేసిన ఎనిమిది నెలలకు సైలెన్సరుకు కాలు ఆనించి, కాలిన వాసన వచ్చేదాకా కూర్చున్నాడు. ఉబ్బెత్తుగా ఉందని బాధపడితే, ఆరు నెలల తరువాత కొవ్వు తగ్గించే చిన్న ఆపరేషన్ ఉంటుందని చెప్పండి.

నిజామాబాద్ కృత్రిమ పాదం · శుక్రవారం రాత్రి 9:15

నాది మరో దారి. నా కాలు నలిగిపోయింది, ధమని కూడా తెగింది. నాలుగు ఆపరేషన్ల తరువాత మోకాలి కింద తీసేశారు. ఈ చర్చ చదివే కుటుంబాలలో నాలాంటివారు కూడా ఉంటారు కనుక రాస్తున్నాను. కాలు నిలబెట్టుకోలేకపోయామని మా అమ్మ ఎన్నో నెలలు తనను తాను నిందించుకుంది. డాక్టరుగారు దీని గురించి నాలుగు మాటలు రాయగలరా?

విశ్రాంత వైద్యుడు, సికింద్రాబాద్ · శుక్రవారం రాత్రి 11:30

మీరు రాసినందుకు కృతజ్ఞుణ్ణి. ఈ నిర్ణయం మా వృత్తిలో అన్నిటికన్నా బరువైనది. దీనికి కొంత ఆధారం దొరకాలనే కోయంబత్తూరు గంగా ఆసుపత్రి వైద్యులు మన దేశపు గాయాలను చూసి ఒక స్కోరు రూపొందించారు. చర్మానికి, ఎముకకు, కండరాలూ నాడులకు విడివిడిగా మార్కులు వేసి, వయసు, షుగరు, షాకు వంటి వాటికి మరికొన్ని కలుపుతారు. 14 వరకు వస్తే కాలిని నిలబెట్టే ప్రయత్నం చేయవచ్చు, 17కు చేరితే తీసేయడమే క్షేమం, మధ్యలో ఉన్నది అనుభవానికి వదిలారు. అమెరికాలో 569 మంది తీవ్రంగా గాయపడ్డ రోగులను రెండేళ్లపాటు పరిశీలించి 2002లో ప్రచురించినప్పుడు, కాలు నిలబెట్టినవారి జీవితమూ తీసేసినవారి జీవితమూ మొత్తం మీద ఒకే తీరుగా ఉన్నట్లు తేలింది. కాలు నిలబెట్టినవారు మాత్రం మళ్లీ మళ్లీ ఆసుపత్రికి రావలసి వచ్చింది. మీ అమ్మగారికి ఈ మాట వినిపించండి. నాలుగు ఆపరేషన్లు చేయించిన తల్లి చేయగలిగినదంతా చేసింది.

ఘట్‌కేసర్ అన్న · ఏడు వారాల తరువాత, ఆదివారం సాయంత్రం 6:00

అందరికీ వివరం చెప్పడం నా బాధ్యత. ఫ్లాపు మొత్తం నిలిచింది. తొడ కుట్లు మానాయి. మూడో వారంలో ఒక మూల కొద్దిగా నీరు కారింది, కడిగి రెండు కుట్లు వేస్తే ఆగింది. రోజుకు నాలుగుసార్లు కాలు వేలాడదీస్తున్నాడు, ఊదా రంగు ఇప్పుడు నిమిషంలోపే పోతోంది. చెక్క మానలేదు, మడమ నేలకు ఆనుతోంది. మొదటి ఆసుపత్రి ఏదో చెప్పమని కొందరు విడిగా అడిగారు. అక్కడ గాయం కడిగిన తీరు మంచిదేనని ఇక్కడి సర్జన్ గారు అన్నారు. మొదటి రోజే ప్లాస్టిక్ సర్జన్‌కు కబురు పంపలేదన్నదే నా బాధ, అందుకే పేరు రాయడం లేదు.

ఎముకలో రెండు సెంటీమీటర్ల లోటు మిగిలింది. వచ్చే గురువారం నడుము ఎముక నుంచి కొంత తీసి అక్కడ నింపుతారు. అందుకోసం ఫ్లాపును ఒక అంచు నుంచి ఎత్తి, పని ముగిశాక మళ్లీ పరిచి కుడతారట. మొదట నాకు గుండె ఆగినంత పనయింది. అది గ్రాఫ్టు అయి ఉంటే అలా ఎత్తడానికి వీలుండేది కాదని సర్జన్ గారు వివరించారు. ఈసారి సంతకం మా తమ్ముడే పెట్టాడు. మేనమామకు కూడా వాడే వివరించి చెప్పాడు, మడి గట్టు ఒక పక్క తెరిచి ఎరువు వేసి మళ్లీ కడతారు మామా అని.